ధమనీకాఠిన్యము: రక్తమునందలి శోథసూచికలు

నిర్వచనము

ధమనుల లోపొరయందు కొవ్వు, తెల్లకణములు, నారపదార్థము, సున్నము ఏండ్లతరబడి చేరి ఫలకములుగా రూపొంది, నాళమార్గమును క్రమముగా ఇరుకు చేయుటయో, ఒకనాడు హఠాత్తుగా చిట్లి రక్తపుగడ్డకు తావిచ్చుటయో జరుగు వ్యాధికి ధమనీకాఠిన్యము, లేక అథెరోస్క్లెరోసిస్, అని పేరు. గుండెపోటు, మెదడునకు రక్తప్రసరణ నిలిచిపోవుటవలన కలుగు పక్షవాతము, నడచునపుడు పిక్కలు పట్టుకొనిపోవు కాలిధమనుల వ్యాధి ఇవన్నియు దీని ఫలితములే. ఈ ఫలకములలో దేహరక్షణ కణములు నిరంతరము పనిచేయుచుండుటవలన కలుగు మందకొడి శోథము, అనగా సామాన్యులు వాపు, మంట అని వ్యవహరించు ప్రతిచర్యయొక్క దీర్ఘకాలిక రూపము, వ్యాధి పెరుగుదలకు ముఖ్యాధారమని నేడు అంగీకరింపబడినది. ఆ శోథముయొక్క తీవ్రతను చేతినుండి తీసిన కొద్దిపాటి రక్తములో అంచనా కట్టుటకు కొలుచు పదార్థములను శోథసూచికలందురు. సి-రియాక్టివ్ ప్రోటీన్ (సి.ఆర్.పి.) వీనిలో ప్రధానము.

కొలెస్టరాల్ ఫలకమునకు ముడిసరకు. ట్రోపోనిన్ గుండెకండరము దెబ్బతినినదనుటకు సాక్ష్యము. ఈ రెండును శోథసూచికలు కావు (చూ. కొలెస్టరాల్, గుండెపోటు).

చరిత్ర

ధమనీవ్యాధి శోథజన్యమను భావము కొత్తది కాదు. జర్మను రోగలక్షణశాస్త్రజ్ఞుడు రుడోల్ఫ్ విర్చో 1856 నాటికే ధమని లోపొరలో జరుగు మార్పులను శోథక్రియగా వర్ణించెను. వియన్నాలో అతని సమకాలికుడైన కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ మాత్రము, రక్తమునందలి పదార్థములు నాళపు గోడపై పేరుకొనుటయే మూలమనియు, శోథము దాని వెంట వచ్చునదియే యనియు వాదించెను. 1913లో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్టరాల్ పెట్టి వాని ధమనులలో మనుష్యుల ఫలకములను బోలిన మార్పులు కలిగింపగలుగుటతో పరిశోధకుల దృష్టి కొవ్వువైపు మరలి, శోథవాదము సుమారు అరువది సంవత్సరములు మరుగున పడినది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రస్సెల్ రాస్ 1970 దశకమున 'గాయమునకు ప్రతిస్పందన' సిద్ధాంతమును ప్రతిపాదించి, 1999లో ధమనీకాఠిన్యము శోథవ్యాధియే యని నిస్సంశయముగా ప్రకటించుటతో అది మరల తెరపైకి వచ్చినది. అయినను కొవ్వు సిద్ధాంతము కూలలేదు. ఆ రెండును ఒకే ప్రక్రియకు రెండు ముఖములని తేలినది.

సూచికల చరిత్ర వేరొక దారిలో నడచినది. ఎర్రకణములు గాజునాళికలో ఎంత త్వరగా దిగునో చూచు ఇ.ఎస్.ఆర్. పరీక్షకు రాబిన్ ఫారియస్ 1918లోను, ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ 1921లోను రూపము నిచ్చిరి. న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనువారు 1930లో, న్యుమోనియా రోగుల సీరమును న్యూమోకాకస్ క్రిమినుండి తీసిన 'సి' అను పిండిపదార్థముతో కలిపినపుడు అవక్షేపము కలుగుచున్నదనియు, రోగి కోలుకొనగానే ఆ గుణము మాయమగుచున్నదనియు గమనించిరి. సి.ఆర్.పి. ఆ విధముగా ఊపిరితిత్తుల జ్వరము పుణ్యమా యని బయటపడినది. గుండెతో దానికి సంబంధమున్నదని అప్పుడెవరును తలపలేదు. తరువాత కొన్ని దశాబ్దములు ఆసుపత్రులలో ఈ పరీక్ష రుమాటిక్ జ్వరమును నిర్ధారించుటకును ఉపయోగపడినది (చూ. రుమాటిక్ హృద్రోగము).

గుండెపోటు వచ్చిన వారిలో సి.ఆర్.పి. పెరుగునని 1950 దశకముననే తెలిసినను, అది చనిపోయిన కండరమువలన కలిగిన పెరుగుదల గనుక వ్యాధిమూలమును గూర్చి చెప్పునది స్వల్పము. 1994లో రోమ్ నగర వైద్యులు, కండరము దెబ్బతినిన గుర్తులే లేని తీవ్రమైన గుండెనొప్పి రోగులలోసైతము సి.ఆర్.పి. హెచ్చుగా ఉన్నచో ముందు ఉపద్రవములు అధికమని చూపిరి. 1997లో హార్వర్డునందలి పాల్ రిడ్కర్ బృందము మరియొక అడుగు వేసినది. ఆరోగ్యవంతులైన అమెరికను వైద్యులనుండి ఏండ్లక్రితము తీసి నిలువయుంచిన రక్తములో సి.ఆర్.పి.ని కొలువగా, అత్యధిక చతుర్థాంశములో నున్నవారికి అత్యల్ప చతుర్థాంశమువారికంటె గుండెపోటు దాదాపు మూడురెట్లు, పక్షవాతము దాదాపు రెండురెట్లు అధికముగా వచ్చినట్లు తేలినది. అంతవరకు 'మామూలు' అని పక్కనబెట్టిన అంకెలలోనే భవిష్యత్తునకు సూచన దాగియుండుట ఈ పరిశోధనలోని విశేషము.

ప్రక్రియ

రక్తములోని అల్పసాంద్ర కొవ్వుకణములు (ఎల్.డి.ఎల్.) ధమని లోపొరను దాటి లోన చిక్కుకొని ఆక్సీకరణము చెందగానే, ఆ పొరకణములు తమ పైభాగమున అంటుడు అణువులను వెలువరించి, ప్రవాహములో పోవుచున్న మోనోసైటులను (ఒక జాతి తెల్లకణములను) పట్టి ఆపును. లోనికి దిగిన మోనోసైటులు మహాభక్షకకణములుగా మారి కొవ్వును మ్రింగి, జీర్ణింపలేక ఉబ్బి, నురుగుకణములుగా మిగిలి, చివరకు మరణించి ఫలకగర్భమున శిథిలములై పడియుండును. కొలెస్టరాల్ స్ఫటికములు ఈ కణములలోని ఎన్.ఎల్.ఆర్.పి.3 అను అణుయంత్రమును మేల్కొల్పునని 2010లో తెలిసినది. కొవ్వునకును శోథమునకును నడుమ కానరాక యున్న లంకె దీనితో దొరికినది. ఆ యంత్రము ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను సిద్ధపరచును. దాని ప్రేరణవలన ఇంటర్‌ల్యూకిన్-6 పుట్టును. అది రక్తముద్వారా కాలేయమును చేరి సి.ఆర్.పి., ఫైబ్రినోజెన్, సీరం అమైలాయిడ్-ఎ మొదలగు ప్రోటీనుల ఉత్పత్తిని హెచ్చించును.

కనుక రక్తపరీక్షలో మనము చూచునది ఫలకమును కాదు. ఫలకమునుండి బయలుదేరిన వార్త కాలేయముద్వారా వెలువడిన పిదప వినబడు తుది ప్రకటన మాత్రమే. ఈ వార్తను పంపగలది ధమని యొక్కటియే కాదు. పుచ్చినపన్ను, పొట్టచుట్టు పేరుకొన్న కొవ్వు, కీళ్ళవాతము, నిన్నటి జ్వరము, ఇవన్నియు అదే మార్గమున అదే ప్రకటన చేయింపగలవు. ఈ శాస్త్రములోని చిక్కంతయు ఇక్కడనే యున్నది.

శోథము ముదిరినచోట భక్షకకణములు విడుదల చేయు ఎంజైములు ఫలకముపై కప్పిన నారపొరను కొరికి పలుచన చేయును. నాళమును సగమైనను మూయని చిన్న ఫలకముసైతము ఈ కారణమున చిట్లి ప్రాణాపాయము తేవచ్చును.

భేదములు

సి.ఆర్.పి. ఐదు సమానఖండములు వలయముగా కూడిన ప్రోటీను. ఒక్కొక్క ఖండమునందు 206 అమైనో ఆమ్లములు గలవు. తీవ్రమైన అంటురోగములలో ఇది కొన్ని గంటలలోనే పెరుగనారంభించి రెండురోజులకు శిఖరమునందుకొని, వేయిరెట్ల వరకు హెచ్చగలదు. దీని అర్ధాయువు సుమారు 19 గంటలు. రోగములో గాని ఆరోగ్యములో గాని అది మారదు గనుక, రక్తములోని పరిమాణము ఉత్పత్తివేగమును మాత్రమే తెలుపును. పగటివేళలనుబట్టి గాని భోజనమునుబట్టి గాని ఎన్నదగిన హెచ్చుతగ్గులు లేవు. ఈ సౌలభ్యములవలననే తక్కిన సూచికలను తోసిరాజని ఇది ముందునిలిచినది.

ఇంటర్‌ల్యూకిన్-6 సి.ఆర్.పి.కి పైమెట్టున నుండుటచే సిద్ధాంతరీత్యా మెరుగైన సూచికయే గాని, త్వరగా మారుచుండును, రోజులోనే హెచ్చుతగ్గులు పొందును, కొలుచుటకు వ్యయమధికము. ఫైబ్రినోజెన్ ద్విపాత్రాభినయము చేయును: శోథముతో పెరుగును, రక్తపుగడ్డకు తానే పదార్థమగును, ఇ.ఎస్.ఆర్. హెచ్చుటకు ముఖ్యకారణమును ఇదియే. సీరం అమైలాయిడ్-ఎ ప్రవర్తన సి.ఆర్.పి.ని పోలియుండును. తెల్లకణముల మొత్తపు లెక్క, వానిలో న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, ఏ చిన్న ఆసుపత్రిలోనైనను లభించు చవుకైన సూచికలు. మైలోపెరాక్సిడేజ్, అంటుడు అణువులు, పెంట్రాక్సిన్-3 వంటివి పరిశోధనశాలలను దాటి పెద్దగా బయటకు రాలేదు.

ఎల్.పి.-పి.ఎల్.ఎ.2 అను ఎంజైము కథ ప్రత్యేకముగా చెప్పదగినది. దీని పరిమాణము హెచ్చుగా నున్నవారికి గుండెజబ్బు అధికమని తేలగా, ఆ ఎంజైమును అణచు డారాప్లాడిబ్ అను ఔషధమును సిద్ధపరచి వేలాదిమందిపై పరీక్షించిరి. 2014లో వెలువడిన ఫలితములలో ఎంజైము అణగినది గాని గుండెపోటులు తగ్గలేదు. సూచికను కారణమని పొరబడినచో కలుగు నష్టమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

కొలుచు విధానము

సాధారణ సి.ఆర్.పి. పరీక్ష లీటరునకు 3 నుండి 5 మిల్లీగ్రాములకు తక్కువైన పరిమాణమును నమ్మకముగా పట్టలేదు. అంటురోగములను గుర్తించుటకు అది చాలును. ధమనీవ్యాధి విషయమున కావలసిన తేడాలు ఆ గీతకు దిగువనే యున్నవి గనుక, లేటెక్సు రేణువులకు ప్రతిదేహములను అద్ది కాంతిప్రసారములో మార్పును కొలుచు హై-సెన్సిటివిటీ పరీక్ష (హెచ్.ఎస్.-సి.ఆర్.పి.) అవసరము. రెండును ఒకే ప్రోటీనును కొలుచునవే, భేదము సూక్ష్మతలోనే. లీటరునకు 1 మిల్లీగ్రాము కంటె తక్కువ అల్పము, 1 నుండి 3 వరకు మధ్యమము, 3 దాటినచో అధికము అని అమెరికను హృద్రోగసంఘము, అచ్చటి వ్యాధినియంత్రణ కేంద్రములు 2003లో విభజించినవి. 10 దాటినచో అంటురోగమో మరియొక కారణమో ఉన్నదని భావించి, అది తగ్గిన పిదప మరల కొలువవలెను. స్థిమితముగా నున్న సమయమున రెండువారముల ఎడముతో రెండుమారులు కొలిచి సగటు తీసికొనుట ఉత్తమము.

కొన్ని ప్రయోగశాలలు లీటరునకును, కొన్ని డెసిలీటరునకును లెక్కకట్టి నివేదిక లిచ్చుచుండుటచే పదిరెట్ల పొరపాటునకు అవకాశమున్నది. కాగితముపై అంకెకు పక్కనున్న ప్రమాణమును చదువక అంకెను మాత్రమే చదువుట అపాయము.

పుదుచ్చేరిలో స్థితి

ఈ సూచికలను ఒక ప్రాంతమున ఎట్లు చదువవలెనో తెలియుటకు పుదుచ్చేరి ఉదాహరణము. ఆ పట్టణమున ఆధునిక వైద్యవిద్య ఫ్రెంచి ప్రభుత్వము 1823లో స్థాపించిన వైద్యపాఠశాలతో మొదలైనది. ఆ పరంపరలోనే 1956లో ధన్వంతరి వైద్యకళాశాల, దాని స్థానమున 1964లో జవాహర్‌లాల్ స్నాతకోత్తర వైద్యవిద్యా పరిశోధన సంస్థ (జిప్‌మర్) ఏర్పడి, గోరిమేడునందు నెలకొని, 2008లో పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ ఆయెను. గోదావరీతీరమున కాకినాడకు చేరువలో నుండి, ఈ కేంద్రపాలిత ప్రాంతములో అంతర్భాగమైన తెలుగు పట్టణము యానాము ప్రజలకు చిరకాలము పెద్దవైద్యమనగా దూరప్రయాణమే. 2024లో జిప్‌మర్ తన బహుశాఖా వైద్యవిభాగమును అక్కడ ప్రారంభించినది.

శోథసూచికల ప్రస్తావన ఇక్కడ నిరర్థకము కాదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన దేశవ్యాప్త మధుమేహ సర్వేక్షణము 2023లో ప్రకటించిన లెక్కలనుబట్టి పుదుచ్చేరి పెద్దలలో మధుమేహము 26.3 శాతము, దేశమున 26.4 శాతముతో గోవా మాత్రమే దీనికి ముందున్నది. మధుమేహము, నడుమునందలి కొవ్వు, శోథము ఈ మూడును పరస్పరము పెంచుకొనునవి గనుక, ఇట్టి జనసమూహములో సి.ఆర్.పి. సహజముగనే కొంత హెచ్చుగా నుండును. లండనులో నివసించు భారతీయ సంతతి పురుషులలో యూరోపీయులకంటె సి.ఆర్.పి. సుమారు 17 శాతము అధికమనియు, ఆ తేడాకు నడుమునందలి కొవ్వు, ఇన్సులిన్ నిరోధము చాలవరకు కారణములనియు 2001లో ప్రకటింపబడినది. చెన్నపట్టణమున జరిగిన గ్రామ-నగర సర్వేక్షణములోను (క్యూర్స్) మధుమేహముతోను శరీరపు కొవ్వుతోను సి.ఆర్.పి.కి గల సంబంధము స్థిరపడినది. యానామునకు చేరువనున్న నాటి ఉభయగోదావరి జిల్లాల పల్లెలలో 2003-04 ప్రాంతమున జరిపిన మరణకారణ పరిశీలనలో 32 శాతము మరణములకు రక్తప్రసరణ వ్యాధులే కారణమని తేలుటను బట్టి, ఇది కేవలము పట్టణవాసుల సమస్య కాదని గ్రహింపవచ్చును.

జిప్‌మర్‌నందు శరీరధర్మశాస్త్ర విభాగము, రక్తపోటు హద్దురేఖపై నున్న యువకులను తీసికొని, వారి నాడీమండలపు సమతౌల్యము తప్పుటకును శోథసూచికలు పెరుగుటకును గల సంబంధమును పరిశీలించినది. జీవరసాయన, చర్మవైద్య విభాగముల వారు సోరియాసిస్ రోగులలో శోథసూచికలను, హృద్రోగావకాశమును కలిపి అధ్యయనము చేసిరి. చర్మవ్యాధి యనుకొన్నది ధమనులదాక ప్రాకుటను పరిశీలించుట శోథవాదమునకు మంచి పరీక్ష.

అయితే ఈ ప్రాంతమున సూచికను చదువుటలో ఒక ప్రత్యేక కష్టమున్నది. దోమలవలన వచ్చు వ్యాధుల పరిశోధనకు 1975లో ఇక్కడనే ఒక జాతీయకేంద్రము వెలసినదనిన, పట్టణ పరిసరములెట్టివో తెలియును. బోదజ్వరము, డెంగీ, వర్షాకాలపు ఇతర జ్వరములు సి.ఆర్.పి.ని హెచ్చించును, చిగుళ్ళవ్యాధి, మానని పుండ్లు అంత పెంచకున్నను దానిని దిగనీయవు. 1, 3 అను హద్దులు ప్రధానముగా పాశ్చాత్య జనసమూహములనుండి గ్రహింపబడినవి. వానిని కార్తీకమాసపు వానలలో జ్వరముపడి లేచిన రోగికి యథాతథముగా అన్వయించు వైద్యుడు లేని గుండెభయమును పుట్టించును. జ్వరము తగ్గి రెండుమూడు వారములు గడచిన పిదపనే రక్తము తీయుట ఇక్కడ మరింత అవసరము.

సూచికయా, కారణమా?

సి.ఆర్.పి. స్వయముగా ధమనిని చెరచునా, లేక చెరచునది వేరొకటియై ఇది కేవలము తెలియజేయునదా యను వివాదము పదేండ్లకుపైగా సాగినది. పుట్టుకతోనే సి.ఆర్.పి. హెచ్చుగా నుండు జన్యుభేదములు గలవారిని లక్షలమందిలో వెదకి చూడగా, వారికి గుండెజబ్బు ఏమాత్రమును అధికము కాలేదు (2008, 2011). ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకపు జన్యుభేదమువలన ఆ సంకేతము మందగించినవారికి మాత్రము గుండెజబ్బు తక్కువగా కనబడినది (2012). దీనినిబట్టి సి.ఆర్.పి. నిర్దోషియైన సాక్షి యనియు, దోషము ఇంటర్‌ల్యూకిన్ మార్గమునందున్నదనియు తీర్పు ఏర్పడినది.

చికిత్సాపరీక్షలు

2008 నాటి జూపిటర్ పరీక్షలో, ఎల్.డి.ఎల్. హెచ్చుగా లేకున్నను సి.ఆర్.పి. 2 గాని అంతకుమించి గాని ఉన్న 17,802 మందిని చేర్చుకొని సగముమందికి కొలెస్టరాలును తగ్గించు స్టాటిన్ జాతి మందైన రోసువాస్టాటిన్ ఇయ్యగా, ప్రధాన హృద్రోగ ఘటనలు 44 శాతము తగ్గినవి. కాని స్టాటిన్ కొవ్వును, శోథమును రెంటిని తగ్గించును గనుక మేలు దేనివలన కలిగినదో విడదీయుటకు వీలుకాలేదు. కొవ్వును తాకక ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను మాత్రమే అణచు కానకినుమాబ్ అను ప్రతిదేహమును, గుండెపోటు వచ్చి సి.ఆర్.పి. 2కు తగ్గని 10,061 మందిలో పరీక్షించిన కాంటోస్ ఫలితములు 2017లో వెలువడినవి. మూడునెలలకొకమారు ఇచ్చిన 150 మిల్లీగ్రాముల మోతాదుతో హృద్రోగ ఘటనలు 15 శాతము తగ్గినవి. విర్చో ఊహకు మనుష్యులలో లభించిన మొదటి ప్రత్యక్ష నిరూపణ మిది. ప్రాణాంతకమైన అంటురోగములు కొంత పెరుగుటయు, మొత్తము మరణములు తగ్గకుండుటయు, ధర మిన్నుముట్టుటయు ఆ మందును సామాన్యవైద్యములోనికి రానీయలేదు.

చవుకైన మందు కొరకు వెదకినవారు మెతోట్రెక్సేటును ఎన్నుకొనిరి. భీమవరమున 1895లో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యము వహించి, 1948లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందము ఫోలిక్ ఆమ్ల విరోధులుగా రూపొందించిన ఔషధములలో ఇది యొకటి. పుట్టినది రక్తకాన్సరుకై, పేరుపొందినది కీళ్ళవాతమునందును. 4,786 మందిపై జరిగిన సర్ట్ పరీక్షలో అల్పమోతాదు మెతోట్రెక్సేట్ గుండెజబ్బును తగ్గింపలేదని 2018లో తేలినది. గమనింపదగినదేమనగా, అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను గాని, ఇంటర్‌ల్యూకిన్-6ను గాని, సి.ఆర్.పి.ని గాని తగ్గింపనేలేదు. సూచికలు కదలలేదు, వ్యాధియు కదలలేదు. ఈ వైఫల్యము ఒక విధముగా కాంటోసు విజయమునకు బలము చేకూర్చినది. అణచవలసినది ఏదో యొక శోథమును కాదు, ఆ నిర్దిష్టమార్గమును.

మూడవది కాల్చిసిన్. కీళ్ళలో యూరిక్ ఆమ్లము చేరు గౌటు వ్యాధికి ప్రాచీనకాలమునుండి వాడబడుచున్న ఈ మందు, తమిళనాడు రాష్ట్రపుష్పమైన అగ్నిశిఖ (తెలుగున అడవినాభి, తమిళమున సెంగాందళ్) విత్తనములలోను దుంపలోను లభించును. దిండిగల్, కరూరు ప్రాంతముల రైతులు విత్తనములకై దీనిని పందిళ్ళపై సాగుచేయుదురు. దుంప తీవ్రమైన విషము. రోజునకు 0.5 మిల్లీగ్రాముల మోతాదులో, ఇటీవల గుండెపోటు వచ్చిన 4,745 మందికి సంబంధించిన కోల్‌కాట్ (2019) పరీక్షలో ఘటనలు 23 శాతము, స్థిమితముగా నున్న 5,522 మంది హృద్రోగులకు సంబంధించిన లోడోకో-2 (2020) పరీక్షలో 31 శాతము తగ్గినవి. అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2023లో దీనిని హృద్రోగనివారణకు అనుమతించినది. కాని 2024లో వెలువడిన క్లియర్ పరీక్షలో, గుండెపోటు వచ్చిన 7,062 మందిలో ప్రయోజనము కనబడలేదు. మూత్రపిండములు దెబ్బతినిన వారికిది అపాయకరము. మధుమేహము అధికముగానున్న పుదుచ్చేరి వంటిచోట ఇది చిన్న హెచ్చరిక కాదు.

వైద్యములో స్థానము

అందరికిని ఈ పరీక్ష చేయవలెనా యనుటలో ఏకాభిప్రాయము లేదు. అమెరికను హృద్రోగ సంస్థల 2019 మార్గదర్శకములు, స్టాటిన్ మొదలుపెట్టుటలో సందేహమున్న మధ్యమస్థాయి వ్యక్తులలో, సి.ఆర్.పి. 2 గాని అంతకు హెచ్చు గాని ఉండుటను ప్రమాదమును పెంచు అంశముగా లెక్కించినవి. అదే దేశమున నివారణవైద్యపు కార్యదళము, లక్షణములు లేనివారిలో దీనివలన కలుగు మేలును తూచుటకు ఆధారములు చాలవని 2018లో పేర్కొన్నది. పొగాకు మానుట, బరువు తగ్గుట, నడక, పంటిరోగములకు చికిత్స సి.ఆర్.పి.ని తగ్గించును; ఇవి పరీక్ష చేయించినను చేయింపకున్నను కర్తవ్యములే గనుక, పుదుచ్చేరి వంటి పట్టణమున రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ కొలువక ముందు సి.ఆర్.పి.కి సొమ్ము వెచ్చించుట క్రమము తప్పిన పని.

స్టాటిన్ వాడుచున్నవారి విషయము వేరు. మూడు పెద్దపరీక్షలలోని 31,245 మంది లెక్కలను కలిపి 2023లో ప్రకటించిన విశ్లేషణలో, వారికి ముందురాబోవు ఘటనలను, మరణములను ఎల్.డి.ఎల్. కంటె సి.ఆర్.పి.యే బలముగా సూచించినది. ఇట్టి మిగులు శోథమునకై ఇంటర్‌ల్యూకిన్-6ను నేరుగా బంధించు జిల్టివెకిమాబ్ అను ప్రతిదేహము సిద్ధమైనది. మూత్రపిండవ్యాధి, హెచ్చు సి.ఆర్.పి. రెండును గల 264 మందిలో జరిగిన రెస్క్యూ పరీక్ష (2021), దీని అత్యధిక మోతాదు సి.ఆర్.పి.ని 92 శాతము తగ్గించునని చూపినది. గుండెపోటులను కూడ తగ్గించునా యను ప్రశ్నకై అదే తరగతి రోగులతో జ్యూస్ అను మహాపరీక్ష రూపొందింపబడినది.